నడుం కొలత

పడ్డది ఆషాఢంల.
బోనాల జాకెట్లు ఇరవై రెండు చేతిల ఉన్నయ్.
సెల్లార్ మెట్ల మీద వాచ్‌మన్ అప్పుడే నీళ్లు కొట్టిండు.
నాలుగో మెట్టు కాడ నా కాలు
నన్ను విడిచిపెట్టి ముందు దిగిపోయింది.

మొదలు ఫాల్స్ డబ్బానే చూసిన.
ఒక్క రంగు తడవలే.
లేచి, చీర దులుపుకొని,
ఎవరన్న చూసిండ్రా అని చుట్టూ చూసి
షాపు షట్టర్ ఎత్తిన.
ఎత్తినంక తెలిసింది.

ఎక్స్‌రేల ఏం లేదన్నరు.
గాంధీ దవాఖానల ఆ నల్ల రేకును
కిటికీకి పెట్టి చూసిన చిన్న డాక్టరు
"అన్నీ బాగున్నయమ్మా" అన్నడు సంతోషంగ.
నాకూ అందంగనే కనపడ్డది,
దారపు రీళ్లు ఒకదాని మీదొకటి పేర్చినట్టు.
మరి నొప్పి ఎక్కడున్నది సారూ అని అడుగుదామనుకున్న.
ఎనక లైనుల యాభై మంది.

ఉప్పు మూట, నువ్వుల నూనె, వేడినీళ్ల సంచి.
నల్లకుంటల కెజియా అనే పిల్ల కసరత్తు నేర్పింది:
"బోర్ల పడుకొని పాములెక్క తల ఎత్తు ఆంటీ, పది సార్లు."
నాగుల పంచమి నాడు పుట్టకు పోలేకపోయిన.
ఇంట్లనే చాప మీద నేనే నాగుపామునైన.
పాలు ఎవరూ పోయలే.

ఇప్పుడు కార్తీకం.
చిక్కడపల్లి నుంచి విద్యానగర్ దాక
స్పీడ్ బ్రేకర్లెన్నో నన్ను అడుగుండ్రి.
పదకొండు. పన్నెండోది గుంత.
ప్రతిదాని ముంగట మొయిజ్ భాయ్
"సంభాల్కే అమ్మా" అని ఆటోను నడిపిస్తడు,
నిండు కుండ ఎక్కించుకున్నట్టు.

రాత్రి పక్కకు తిరగాలంటే
ముందు ఆలోచన తిరగాలె,
తర్వాత మోకాళ్లు,
ఆఖర్ల నేను.
"ఇంక తగ్గలేదా?" అంటడు మా ఆయన.
మంచిగనే అంటడు.
నాలుగు నెలలైనంక ఆ "ఇంక" మాత్రం బరువైంది.

పని మొదలువెడితే నడుం బిగియ్యాలంటరు,
అలిసిపోతే నడుం వాల్చాలంటరు.
బిగియ్యరాదు, వాల్చరాదు.
మిషను తొక్కుడు పలకలెక్క
నడిమిట్ల ఊగుకుంట ఉన్న.

ఇరవై ఏండ్లాయె నా టేపు నడుముల చుట్టూ తిరగవట్టి.
ఇరవై ఎనిమిది, ముప్ఫై నాలుగున్నర, నలభై రెండు,
రాసుకున్న, కత్తిరించిన.
ఒక్క నడుమన్న నాతో మాట్లాడలే.
ఇప్పుడు వంగలేక కుర్చీల కూసొని కొలతలు తీస్తుంటే
ఒక్కొక్కలే నోరు విప్పుతున్నరు:
బ్యాంకు నిర్మలాదేవికి
రెండో కాన్పుల సూది ఇచ్చిన జాగల,
మల్కమ్మకు ఉల్లిగడ్డల సంచి దించినప్పుడు,
టీచరమ్మకు ఎందుకో ఆమెకే తెల్వదు.
పెన్సిల్ చెవుల పెట్టుకొని వింట.

నిన్న ఒక పిల్ల వచ్చింది.
పేరు హిమజ. పంజాబీ డ్రెస్సు, ఆకుపచ్చ కాటన్.
"మెట్ల మీద జారిపడ్డ అక్కా,
నడుం కాడ కొంచెం వదులు పెట్టు."
అయ్యో అనుకుంట చేతి కొలత తీసిన.

పడుడు నాకు తెలుసు కదా.
మెట్టు ఎముకను పట్టుకుంటది,
మోచేయిని గీకుతది,
అరచేతుల ఇసుక నాటుతది.
రెక్క లోపలి దిక్కు తాకదు.
మెట్టుకు నాలుగు వేళ్లుండయ్.

ఏం అనలే.
చెయ్యి పొడుగు మళ్లొకసారి కొలిచిన, అవసరం లేకున్నా.
కుర్చీ ఆమెకిచ్చి
ఎనక నా వేడినీళ్ల సంచి పెట్టి
నేను నిలవడ్డ.
మిషను మీద చెయ్యానించి పండ్లు బిగవట్టిన.
ఆమె కండ్లు మూసుకున్నది
ఒక్క రీలు దారం చుట్టేంత సేపు.

రసీదు మీద నా సొంత నంబరు రాసిన.
"రెండు సార్లు ట్రయల్‌కు రావాలె,
సోమారం ఒకసారి, గురువారం ఒకసారి."
పంజాబీ డ్రెస్సుకు రెండు ట్రయల్సా అని అడగలే.
రసీదును నాలుగు మడతలు పెట్టి
ఫోను కవరు ఎనక దాచుకున్నది.

షట్టర్ దించనీకి మొయిజ్ భాయ్‌ని పిలిచిన.
గోడ పట్టుకొని మెట్లెక్కిన,
ఒక్కొక్కటి.
వాచ్‌మన్ ఇయ్యాల కూడ నీళ్లు కొట్టిండు.